నాలుగు గుక్కలు

మా గడ్డిమైదానంలో అతిథికి గిన్నె నిండా టీ పోయం.
నిండా పోస్తే
ఇక లేవండని అర్థం.
అడుగున నాలుగు గుక్కలు పోస్తే
ఇంకాసేపు కూర్చోండి, మాట మిగిలే ఉంది అని.
ఇరవై రెండేళ్ళుగా ఈ చిన్న స్టేషన్ పక్కన
సమోవర్ కాస్తున్నాను.
కొలత నా మణికట్టుకు తెలుసు.

ఆ చలికాలం
గురుగ్రహం దాకా వెళ్ళిన నౌక ఒకటి
పదకొండు రోజులు పలకలేదు.
అందులో మనిషి లేడు.
ఇక్కడి మాట అక్కడికి చేరేసరికి ముప్పావు గంట,
అందుకని తనంతట తానే ఆలోచించుకొనే
యంత్రాన్ని ఎక్కించి పంపారు.

దాన్ని మోసుకెళ్ళిన రాకెట్ తొడుగు
మా గొర్రెలు మేసేచోటే పడింది.
ఆ రేకుతో ఉల్తుగన్ అవ్వ కోళ్ళగూడు కట్టించింది.
గూటి మీద ఇప్పటికీ మూడు అంకెలు, ఒక బాణం గుర్తు.
బాణం నేలకేసి చూపిస్తుంది.

"చచ్చింది," అన్నాడు ట్రాక్టర్ల బెక్సుల్తాన్.
"ఇనుముకి ఆలోచనేంటి?"
"బతికే ఉంది," అంది మక్పాల్ టీచర్.
సిగ్నల్ దీపాల దోస్జాన్
అసలది వెళ్ళనే లేదన్నాడు.
ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళకి మూడే కాళ్ళు.
కిటికీ బయట అసలు కుందేలు
నాలుగు కాళ్ళతో పట్టాలు దాటిపోయింది.
ఎవరూ చూడలేదు.

అరైలిమ్‌కి పదమూడేళ్ళు.
ఫోన్ తీసి బల్ల మీద నిలబెట్టి
అందులోని యంత్రాన్నే అడిగింది:
"అక్కడున్నది నీ వాళ్ళే కదా. బతికుందా?"
"నాకు తెలియదు," అంది అది.
"మీరెందుకలా అనుకుంటున్నారో
ఒక్కొక్కరూ చెబుతారా?"

సమోవర్ ఒక్కటే సన్నగా కూసింది.
ఎందుకని
మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

బెక్సుల్తాన్ గొంతు సవరించుకున్నాడు.
మైనస్ నలభైలో ఇంజిన్ని నడవనివ్వకూడదట.
ఆయిల్ దించేసి, బ్యాటరీ విప్పి
ఇంట్లోకి తెచ్చి, పిల్లల పక్కన దుప్పటి కప్పి
ఎండ తిరిగేదాకా దాచుకోవాలట.
"చూసేవాడికి చచ్చినట్టే ఉంటుంది..."
అని సగంలో ఆగిపోయాడు.
తాను ఎవరి వైపు మాట్లాడుతున్నాడో
అప్పుడు తెలిసింది అతనికి.

మక్పాల్ గిన్నె అంచుని వేలితో తుడుస్తూ
"నా దగ్గర ఆధారమేమీ లేదు," అంది.
"బతికుండాలని ఉంది. అంతే."
దోస్జాన్ తన ముక్కని మాత్రం వదల్లేదు.
అన్ని చలికాలాల్లోనూ ఒక దోస్జాన్ ఉంటాడు;
అతనికీ పోశాను.

అప్పుడు అవ్వ ఫోన్ దగ్గరికి వంగి
చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అడిగింది:
"మా ఇనుప గుంజ నక్షత్రం,
దానికి కట్టేసిన రెండు తెల్లగుర్రాలు,
అక్కణ్ణించి కనబడతాయా?"
"కనబడతాయి. కట్టేసిన చోటే ఉంటాయి.
కానీ అక్కడి ఆకాశం ఆ గుంజ చుట్టూ తిరగదు.
ఇంకో చోటు చుట్టూ తిరుగుతుంది."

అవ్వ చాలాసేపు దాన్నే నమిలింది.
ఎనభై ఏళ్ళు
ఆ గుంజని చూసుకుంటూనే మంద తోలింది.
కోపం వస్తుందనుకున్నాం.
"అయితే అక్కడ," అంది మెల్లగా,
"గుర్రాల్ని విప్పేశారన్నమాట."
పళ్ళు లేని నోటితో నవ్వింది.

తెల్లారుజామున గూడ్స్ బండి వెళ్ళింది.
గదిలో గిన్నెలన్నీ ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి.
నౌక కబురు ఇంకా రాలేదు.
ఎవరూ లేవలేదు.
నేను అందరికీ మరోసారి పోసి
ఎందుకో ఇంకో గిన్నె తీసి
ఫోన్ ముందు కూడా పెట్టాను.
అరైలిమ్ ఫక్కున నవ్వబోయి
గిన్నెలోకి చూసి ఊరుకుంది.

నాలుగు గుక్కలే పోశాను.